నాగేంద్రమ్మ కార్డు

మాచర్ల,
జూలై 7

మాస్టారూ,

ఫోన్ ఎత్తరు. మూడేళ్ళు కావస్తోంది, నా నంబరు కనపడితే చాలు, మీ ఫోన్‌కు చెవుడు వస్తుంది. ఎత్తకపోతే ఎత్తకండి. ఉత్తరమైతే చదవకుండా ఉండలేరని నాకు తెలుసు. పకోడీలు తినేసి పొట్లం కాగితం విప్పి చదివే మనిషి మీరు. చదివాక తప్పులు దిద్దకుండా అసలు ఉండలేరు. అందుకే నా చేతిరాతతో, నా తప్పులతో, ఇదిగో.

చెల్లెమ్మ పెద్దకర్మ నాడు ముప్పాళ్ళ వచ్చాను. నమస్కారం పెడితే మీరు పక్కకు తిరిగారు. భార్య పోయిన బాధలో ఉన్నారులే అనుకున్నాను. ఆ బాధలో అందరితో మాట్లాడారు, నాతో తప్ప. పాతికేళ్ళు మాచర్లలో మా ప్రెస్సు పక్క వాటాలో ఉన్నారు. నాగేంద్రమ్మ నన్ను అన్నయ్యా అని పిలిచింది, మా అమ్మాయి జెబా ఆమెను అత్తా అని పిలిచింది. నేనేం తప్పు చేశానో చెప్పి తిట్టండి, పడతాను. చెప్పకుండా మాట మానేస్తే నేనేం చెయ్యాలి?

సరే, దానికి జవాబు రాదని తెలుసు. ఇంకో సంగతి అడుగుతాను, ఇది మీ సబ్జెక్టు. మొన్న వెల్దుర్తి నుంచి కార్తీక్ అని ఒకాయన వాళ్ళ అమ్మ పెద్దకర్మ కార్డు వేయించడానికి వచ్చాడు. కార్డుల పని ఇప్పుడంతా జెబాదే. కంప్యూటర్‌లో పాత కార్డు తెరిచి పేరు మార్చి, ఫోటో మార్చి, ప్రూఫు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన చదివి, "ఏందండీ ఇది? ప్రేమమూర్తి, సహనశీలి, తీరని లోటు! మా అమ్మ పేరు తీసేసి మీ వీధిలో ఎవరి పేరు పెట్టినా సరిపోద్ది గదా. మా అమ్మకు సహనం ఎక్కడిదండీ? గేదె తన్నితే గేదెను తిరిగి తన్నింది" అన్నాడు.

జెబా నవ్వింది. ఆయనా నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. నాకు మాత్రం ఆ రోజంతా మనసు పాడైపోయింది. నలభై ఏళ్ళ నుంచి నేను వేస్తున్నవి ఇవే మాటలు కదా అని. ఇట్లా వాడి వాడి అరిగిపోయిన మాటలకు ఏదో పేరుంది, మీరే ఒకసారి చెప్పారు, నాలుక చివర ఆడుతోంది గానీ రావడం లేదు. ఏందది?

మీ
హబీబుల్లా

*

ముప్పాళ్ళ,
జూలై 15

శ్రీ షేక్ హబీబుల్లా గారికి,

మీ ఉత్తరం అందింది. తొమ్మిది తప్పులున్నాయి. దిద్ది ఇందుతో జతపరిచాను.

మీరడిగిన పదం: పడికట్టు మాట.

ఇకపై ఉత్తరాలు రాయవలసిన అవసరం లేదని మనవి.

ఇట్లు,
హనుమంతరావు
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు

*

మాచర్ల,
జూలై 19

మాస్టారూ,

నన్ను 'గారు' అన్నారు. ముందు 'శ్రీ' కూడా తగిలించారు. పాతికేళ్ళు 'ఒరేయ్ హబీబూ' తప్ప ఇంకో పిలుపు వినలేదు మీ నోట. కవరు విప్పగానే కోర్టు నోటీసు వచ్చిందేమోనని చెమటలు పట్టాయి. జెబా మాత్రం మీ ఎర్ర సిరా చూసి సంబరపడింది. "మామయ్య బాగానే ఉన్నాడు నాన్నా, చెయ్యి వణకట్లా" అంది.

ఒక్క ముక్క చెప్పి తలుపేసుకుంటే ఎట్లా? పడికట్టు అంటే ఏమిటి? ఎక్కడి నుంచి వచ్చింది? దేన్ని అనొచ్చు, దేన్ని అనకూడదు? ఉదాహరణకు, 'అవసరం లేదని మనవి' అన్నారు చూడండి, అది పడికట్టు మాటేనా?

ఇంకోటి. గురజాల నుంచి కాలేబు వచ్చాడు. వాళ్ళ నాన్న జ్ఞాపకార్థ కూడికకు కార్డు కావాలి. కార్తీక్ అన్న మాట మనసులో ఉండి, "మీ నాన్న గురించి ఏదైనా సొంతంగా చెప్పు, అదే వేద్దాం" అన్నాను. కాలేబుకు కోపం వచ్చింది. "మా పక్కింటోళ్ళకు ఏమేశారో మాకూ అదే వెయ్యండి. ఒక్క మాట తగ్గినా మా నాయన్ని తగ్గించినట్టే" అన్నాడు. ఇద్దరికీ మనిషి పోయిన బాధ ఒకటే. ఒకరికి ఆ మాటలు వద్దు, ఒకరికి అవే కావాలి. ఎవరిది న్యాయం? పదో తరగతి పిల్లలకు చెప్పినట్టు చెప్పండి మాస్టారూ.

మీ
హబీబుల్లా (గారు కాదు)

*

ముప్పాళ్ళ,
ఆగస్టు 2

హబీబుల్లా గారికి,

జవాబు రాయకూడదనుకున్నాను. పది రోజులు ఓర్చుకున్నాను. ఎవరైనా ప్రశ్న అడిగితే చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు. అది మీకు తెలుసు, దాన్నే వాడుకున్నారు.

పడికట్టు అంటే తూకపు రాయి. నిఘంటువు చెప్పే అర్థం ఇదే. వెనకటికి కోమట్ల కొట్లలో తక్కెడలో వేసేవి పడికట్టు రాళ్ళు. ఆ రాయి పేరు మాటకు ఎలా అంటుకుందో ప్రమాణం చేసి చెప్పలేను గానీ, నాకు తోచింది ఇది. అవతల తట్టలో కందిపప్పు ఉన్నా, మిరపకాయలున్నా, ఇవతల తట్టలో వేసేది ఆ రాయే. కొట్టువాడు దాని మొహం చూడడు, చేతికి అందింది తీసి వేస్తాడు. మనిషి ఎవరైనా సరే, చేతికందిన మాట తీసి వేయడం పడికట్టు మాట. 'శోకసంద్రంలో మునిగిపోయారు', 'అట్టహాసంగా ప్రారంభమైంది', 'అలుపెరగని పోరాటం'. పేపరు తెరిస్తే కావలసినన్ని. ఇంగ్లీషు వాళ్ళు దీన్నే క్లిషే అంటారు. ఫ్రెంచివాళ్ళ దగ్గర తెచ్చుకున్న మాట అది, పైగా మీ అచ్చాఫీసు మాట. అక్షరాలు మళ్ళీ మళ్ళీ పేర్చే పని లేకుండా, పేర్చిన దాన్ని ఒకే పలకగా పోతపోసి దాచుకునేవారట. ఆ పలక పేరు క్లిషే.

ఊతపదం వేరు. మీరు మాటమాటకీ 'ఏదైతే ఉందో' అంటారే, అది ఊతపదం, దానికి అర్థమే లేదు. జాతీయం వేరు. 'చెవిన పడింది' అంటే అందరూ వాడినా అది అరగదు, అది భాషకు ఎముక. పడికట్టు మాటకు ఒకప్పుడు ప్రాణం ఉండేది. తీరని లోటు అని మొదట అన్నవాడు నిజంగానే ఏడ్చి ఉంటాడు. తర్వాత వాళ్ళు అప్పు తెచ్చుకున్నారు.

కాలేబుది తప్పు కాదు. రాయి అందరికీ ఒకటే అయితే తూకంలో తేడా రాదు కదా. తన తండ్రికీ అందరి తండ్రులకూ ఇచ్చే మర్యాదే కావాలన్నాడు. పరామర్శకు వచ్చిన పొరుగువాడు కొత్తమాట వెతుక్కోనక్కర్లేదు, వచ్చాడు, అది చాలు. పొరుగువాడికి పడికట్టు మాట సరిపోతుంది. ఇంట్లో మనిషికి సరిపోదు.

ఇంట్లో మనిషివని నిన్ను అనుకున్నాను హబీబూ. అందుకే రాస్తున్నాను, నీకు నిజంగా తెలియదో, తెలియనట్టు నటిస్తున్నావో నాకు అర్థం కావడం లేదు గనుక. నాగేంద్రమ్మ కార్డులో నువ్వేం వేశావో గుర్తుందా? 'పిల్లాపాపలతో, మనవలు మనవరాళ్ళతో నిండు జీవితం గడిపి' అని వేశావు. పిల్లల కోసం గుంటూరు, నరసరావుపేట ఆసుపత్రుల మెట్లు ఎక్కి దిగిన మనిషికి. ఏ పేరంటంలోనూ ముందు కూర్చోని మనిషికి. పదకొండో రోజు మా చెల్లెలు కృష్ణకుమారి వాకిట్లో అందరి ముందూ ఆ కార్డు పైకి చదివి, "వదినకు మనవలెప్పుడు పుట్టారు అన్నయ్యా?" అంది. ఎవరో ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినపడుతుంది. సరిగ్గా అప్పుడే నువ్వు వచ్చి నమస్కారం పెట్టావు.

హనుమంతరావు

*

మాచర్ల,
ఆగస్టు 11

మాస్టారూ,

మీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది.

నాకు తెలియదు. అల్లా సాక్షిగా తెలియదు. ప్రతి కార్డుదీ ఒక కాపీ దాచుకోవడం మా ప్రెస్సులో అలవాటు. మీ ఉత్తరం చదివాక ఆ యేటి కట్ట విప్పి ఆమె కార్డు బయటికి తీశాను. మూడేళ్ళలో మొదటిసారి చదివాను. మీరు రాసినట్టే ఉంది.

ఎట్లా జరిగిందో చెబుతాను, సాకు కాదు. అంతకు ముందు రోజు ఎవరో తొంభై ఏళ్ళ పెద్దామె కార్డు వేశాం. జెబా ఆ మేటరే తెరిచి పేరూ ఫోటో మార్చింది. అప్పటికి దానికి పని వచ్చి నెల కూడా కాలేదు, ఏడుస్తూ చేసింది. "నాన్నా, ఒకసారి చూడు" అంది. చూడబోతే పైన చెల్లెమ్మ ఫోటో. మీ ఇంటి గుమ్మంలో నేనే తీసిన ఫోటో అది. నా వల్ల కాలేదు. "బాగుందిలే, వేసెయ్" అన్నాను. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కార్డులన్నీ కామా కూడా వదలకుండా చదివినవాణ్ణి, ఆమెది ఒక్కటే చదవలేదు. ట్రెడిల్ మిషన్ రోజుల్లో చేత్తో అక్షరాలు పేర్చి, ఎప్పుడూ పనికొచ్చే మేటర్‌ను దారంతో కట్టి అరలో పెట్టుకునేవాళ్ళం. కంప్యూటర్ వచ్చాక ఆ దారం కూడా లేదు. విప్పి చూసుకునే పనే పోయింది.

జెబాను ఏమీ అనకండి. అది చిన్నది, నేను చూస్తానని నమ్మింది. తప్పు నాది. మీరు మూడేళ్ళు మాట్లాడకపోవడం తక్కువే. నేనైతే ఇంకా ఎక్కువే చేసేవాణ్ణి. క్షమించమని అడగడానికి కూడా నాకు దొరికేవన్నీ కార్డుల్లో వేసే మాటలే. అందుకని ఉన్నదే రాస్తున్నాను. నాకు సిగ్గుగా ఉంది. ఆమె నా చెల్లెలు, నేను ఆమెను నవ్వులపాలు చేశాను.

హబీబు

*

ముప్పాళ్ళ,
ఆగస్టు 30

ఒరేయ్ హబీబూ,

నువ్వు చాలా మంచివాడివి, అదే నీతో వచ్చిన చిక్కు.

కట్ట విప్పావు. కార్డు తీశావు. దానికి పిన్ను కొట్టి ఇంకో కాగితం కూడా ఉండి ఉండాలి. నీ ప్రెస్సు పద్ధతి నాకు తెలియదా? కార్డు వేయించుకునే పార్టీ సంతకం లేకుండా ఏ కార్డూ మిషన్ ఎక్కదు. ఆ రోజు మీ బామ్మర్ది సుభానీ ప్రూఫు కాగితం పట్టుకుని బస్సు మారి బస్సు మారి ముప్పాళ్ళ వచ్చాడు. "ఒకసారి చదివి సంతకం పెట్టండి మాస్టారూ, బావ మరీమరీ చెప్పమన్నాడు" అన్నాడు. నేను కాగితం తీసుకున్నాను. నాకూ ఆ ఫోటోనే కనపడింది. సంతకం పెట్టి ఇచ్చేశాను. పొట్లం కాగితం చదివేవాణ్ణి, ముప్పై ఆరేళ్ళు పిల్లల నోటుపుస్తకాలు దిద్దినవాణ్ణి, నా భార్య కార్డు చదవకుండా సంతకం పెట్టాను.

ఆ సంతకం నువ్వు చూశావు. చూసి కూడా ఒక్క ముక్క రాయలేదు. తప్పంతా నీ నెత్తిన వేసుకున్నావు.

ఇన్నాళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా. నీ మీద కోపం ఉన్నంత కాలం నా సంతకం గుర్తుచేసుకోవలసిన పని లేకపోయింది. నీ ఫోన్ మోగినప్పుడల్లా ఎత్తాలనిపించేది. ఎత్తితే ఇది చెప్పాలి. అందుకే ఎత్తలేదు. పిరికితనం, ఇంకేం కాదు.

జెబాకు నా తరఫున చెప్పు, దాని తప్పు ఏమీ లేదని. నన్ను క్షమించు, హబీబూ.

నీ
హనుమంతరావు

*

మాచర్ల,
సెప్టెంబరు 8

మాస్టారూ,

చూశాను. మీ సంతకం ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది, కింద గీత కూడా గీశారు. చించేద్దామనుకుని మళ్ళీ పెట్టేశాను. మనిద్దరం ఒకే ఫోటో చూసి ఒకే పని చేశాం. ఇందులో ఎవరు ఎవర్ని క్షమించాలో తేల్చాలంటే మీలాంటి పంతులు ఇంకొకడు కావాలి. వదిలెయ్యండి.

మీ ఉత్తరం జెబాకు చదివి వినిపించాను. ప్రెస్సు షట్టరు సగానికి దించి ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని వచ్చి, "నాన్నా, కార్తీకంలో అత్త మూడో వర్ధంతి గదా, కార్డు మళ్ళీ వేద్దాం. ఈసారి కొత్తగా, ఖాళీ పేజీ మీద మొదలుపెడతా. మేటర్ మామయ్య రాయాలి, మనం కాదు" అంది. నేను కాదనలేదు. కాదంటే వినే పిల్ల కూడా కాదు.

మీకు సాయంగా ఉంటుందని నాకు గుర్తున్నవి రాస్తున్నాను. పాత కార్డులో 'అన్నపూర్ణ' అని ఉంది. మాస్టారూ, నిజం చెప్పుకుందాం. చెల్లెమ్మ వంట చానా ఘోరంగా ఉండేది. పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయి, చారులో రెండుసార్లు వేసేది. అయినా తినకుండా ఎవర్నీ గడప దిగనిచ్చేది కాదు. "బాగుందా అన్నయ్యా?" అని అడిగితే నేను బాగుందనేవాణ్ణి. మీరు మాత్రం "ఒరేయ్, అబద్ధాలాడకు" అని ఆమె ముందే అనేవారు.

రాంగ్ నంబరు వస్తే పెట్టేసేది కాదు, గుర్తుందా? ఎవరు బాబూ, ఏ ఊరు, వానలు పడ్డాయా అని అరగంట మాట్లాడేది. ఆమె పోయినప్పుడు నరసరావుపేట నుంచి ఒక ముసలాయన వచ్చాడు చూడండి, ఎవరికీ తెలియనాయన. పేరు ప్రభుదాసు. నాతో చెప్పాడు, రాంగ్ నంబరుతోనే పరిచయం అని. "ఆ తల్లి నెలకోసారి నాకు ఫోన్ చేసేది బాబూ, మందులేసుకున్నావా అని అడిగేది" అన్నాడు. మీకు తెలుసా ఇది?

రాయండి. పెద్ద పెద్ద మాటలు వద్దు. తప్పులుంటే నేను దిద్దుతాను.

హబీబు

*

ముప్పాళ్ళ,
అక్టోబరు 10

ఒరేయ్ హబీబూ,

ప్రభుదాసు సంగతి నాకు తెలియదు. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేశాను, నెలకోసారి ఆమె ఎవరికి ఫోన్ చేస్తోందో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. నీ ఉత్తరం చదివి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పోయిన మనిషి గురించి కొత్త సంగతి ఇంకా ఒకటి మిగిలి ఉందని తెలిస్తే ఎలా ఉంటుందో నీకు తెలియదు. నిన్న ఆమె ఫోన్ నంబర్ల పుస్తకంలో వెతికి ఆయనకు ఫోన్ చేశాను. వస్తానన్నాడు.

నెల రోజులు పట్టింది ఈ కార్డు రాయడానికి. మొదటి పది కాగితాల్లోనూ పడికట్టు రాళ్ళే పడ్డాయి. 'అనురాగవతి' అని రాశాను, కొట్టేశాను. 'ఆదర్శ సహధర్మచారిణి' అని రాశాను, నాకే నవ్వొచ్చింది. ఆమె ఉంటే "ఎవరండీ ఆవిడ?" అని అడిగేది. పిల్లల సంగతి రాయాలా వద్దా అని చాలా రోజులు కొట్టుకున్నాను. దాచిపెడితే మళ్ళీ ఎవరో నవ్వుతారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే నవ్వడానికి ఏమీ మిగలదు. అందుకని రాశాను.

చివర 'ఇట్లు' కింద ఎవరి పేర్లు వేయాలన్నది ఇంకో పెద్ద గొడవ. కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళు అని వేసే చోటు అది. కృష్ణకుమారికి చూపించాను. పేర్లు రెండుసార్లు చదివింది. తర్వాత, "ఊళ్ళో ఏమన్నా అంటారేమో అన్నయ్యా" అంది. అననీ అన్నాను. "సరే, అయితే నా పేరు కూడా వెయ్యి, ఆ రోజు అట్లా చదివినందుకు" అంది.

బుధవారం పొద్దున మాచర్ల వస్తున్నాను. నేనూ, నువ్వూ, జెబా, ముగ్గురం కూర్చుని ప్రూఫు పైకి చదువుదాం. ఫోటో ఏడిపిస్తే ఏడుద్దాం, ఏడ్చి మళ్ళీ చదువుదాం. మేటర్ ఇది, ఒక్క అక్షరం మార్చడానికి వీల్లేదు:

"నా భార్య నాగేంద్రమ్మ పోయి ఈ కార్తీక బహుళ పంచమికి మూడేళ్ళు. ఆమెకు వంట రాదు. అయినా ఎవరినీ తినకుండా పంపేది కాదు. రాంగ్ నంబరు వచ్చినా పేరూ ఊరూ అడిగేది. రోజూ నాతో పోట్లాడేది, చాలాసార్లు న్యాయం ఆమె వైపే ఉండేది. మాకు పిల్లలు పుట్టలేదు. ఆ బాధ ఆమె నాకు తప్ప ఎవరికీ చూపలేదు. పక్కింటి పాపకు జడ వేస్తూ, ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ పన్నెండేళ్ళు గడిపింది. ఆ పాప ఈ కార్డు తయారు చేసింది. మీరంతా ముప్పాళ్ళలో మా ఇంటికి రండి. నాగేంద్రమ్మ గురించి మీకు తెలిసిందీ, నాకు తెలియనిదీ ఒక్క సంగతి చెప్పి, భోజనం చేసి వెళ్ళండి.

ఇట్లు,
భర్త: హనుమంతరావు
ఆడపడుచు: కృష్ణకుమారి
అన్న: షేక్ హబీబుల్లా
మేనకోడలు: జెబా"